పిల్లలు తగ్గుతున్నారు, తేడాలు పెరుగుతున్నాయి: హైదరాబాద్‌లో బడికి ముందు చదువు

క్లుప్తంగా: తెలంగాణలో కాన్పులు తగ్గి చాలా ఏళ్లయింది. పిల్లలు తక్కువైతే ఒక్కొక్కరికీ ఎక్కువ అందుతుందన్న మాట ఒక ఇంటి వరకు నిజమే, కానీ నగరం మొత్తానికి నిజం కావట్లేదు. కలిగిన ఇంట్లో మిగిలిన డబ్బు ఆ ఇంటి బిడ్డకే వెళ్తుంది. బస్తీ బిడ్డకు అందాల్సింది ప్రభుత్వం ద్వారా అందాలి, అది నగరంలోనే బలహీనంగా ఉంది. ఒకటో తరగతికి వచ్చేసరికే ఈ తేడా చాలావరకు గట్టిపడిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు పిల్లల సంఖ్య పెద్ద రాజకీయ చర్చ. ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024లో ఎక్కువమంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆ రాష్ట్రం అదే ఏడాది ఎత్తేసింది. నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న టెన్షన్ దీనికి తోడైంది. 2025 జులైలో ఇంకో వార్త వచ్చింది. హైదరాబాద్‌లో ఒక స్కూల్లో నర్సరీ ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలంటూ ఒక ఫీజు కాగితం సోషల్ మీడియాలో తిరిగింది, జనం నోరెళ్లబెట్టారు. జనాభా వార్తను ఒక పేజీలో, ఫీజు వార్తను ఇంకో పేజీలో చదివి వదిలేస్తున్నాం గానీ ఈ రెండింటికీ గట్టి సంబంధమే ఉంది.

## జననాలు తగ్గడం కొత్త సంగతేం కాదు

జనాభా నిలకడగా ఉండాలంటే సగటున ఒక మహిళకు 2.1 మంది పిల్లలు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 2.0 దగ్గర తేలింది, తెలంగాణది 1.8, ఏపీది 1.7. తెలంగాణ 2015-16 సర్వేలోనూ 1.8 దగ్గరే ఉంది. అంటే తగ్గుదల పాతదే, దాని గురించి ఆందోళన కొత్తది.

చిన్న కుటుంబమైతే పిల్లల తిండి, ఆరోగ్యం, చదువు వాటంతటవే బాగుపడతాయని కొన్ని తరాలుగా వింటున్నాం. ఈ రెండు సర్వేలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అలా జరగలేదని అర్థమవుతుంది. వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 2015-16లో 28 శాతం ఉంటే తర్వాతి సర్వేకి 33 శాతమయ్యారు. రక్తహీనత ఉన్న పిల్లలు దాదాపు 61 శాతం నుంచి 70 శాతానికి చేరారు. కరోనా వల్ల అనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే తెలంగాణలో ఇంటింటి సర్వే 2019లోనే, వైరస్ రాకముందే ముగిసింది. కాన్పులు పెరగలేదు, రాష్ట్ర ఆదాయం పెరిగింది, పిల్లల ఒంట్లో మాత్రం రక్తం తగ్గింది.

## ఒక్కరు చాలనుకున్న ఇంట్లో

పిల్లల సంఖ్యకూ ఒక్కో బిడ్డ మీద పెట్టే ఖర్చుకూ మధ్య కుటుంబాలు లెక్క వేసుకుంటాయని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960లో వాదించారు. సంపాదన పెరిగేకొద్దీ మనుషులు ఎక్కువమందిని కనడానికి బదులు, ఉన్నవాళ్ల మీద ఎక్కువ పెడతారన్నది ఆ వాదన సారం. కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇద్దరూ ఉద్యోగస్తులు, ఒక్కరే సంతానం, రెండున్నరేళ్లకు ప్లే స్కూలు, నాలుగేళ్లకు ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు నేర్పే) క్లాసు, ఆదివారం స్విమ్మింగ్.

ఒక ఊహా లెక్క చూద్దాం. నెలకు లక్షన్నర వచ్చే ఇంట్లో పిల్లల మీద 15 శాతం ఖర్చు పెడతారనుకుంటే అది 22,500 రూపాయలు. ఇద్దరు పిల్లలుంటే తలా 11,250, ఒక్కరే ఉంటే మొత్తం ఆ ఒక్కరికే. నెలకు 20 వేలు వచ్చే ఇంట్లో అదే 15 శాతం అంటే 3,000. అక్కడ ముగ్గురు ఉండేచోట ఇద్దరైతే ఒక్కొక్కరి వాటా 1,000 నుంచి 1,500కి పెరుగుతుంది. రెండు ఇళ్లూ ఒక్కో బిడ్డను తగ్గించుకున్నాయి, రెండు చోట్లా ఒక్కో బిడ్డకు అందేది పెరిగింది. అయినా ఆ పిల్లల మధ్య నెలకు 10,250గా ఉన్న తేడా 21,000 అయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి బిడ్డను వాళ్లు బాగా చూసుకుంటున్నారు, అంతే. కానీ జననాలు తగ్గితే అసమానత తగ్గుతుందన్న ఆశ ఈ లెక్క దగ్గరే వీగిపోతుంది.

ఈ దారిలో చాలా ముందుకు వెళ్లిపోయిన దేశం దక్షిణ కొరియా. 2023లో అక్కడ సగటు సంతానం 0.72కి పడిపోయింది. అక్కడి ప్రభుత్వం 2012-13 నుంచి మూడు నుంచి అయిదేళ్ల పిల్లలందరికీ ఒకే పాఠ్యప్రణాళిక పెట్టి ఖర్చు కూడా భరిస్తోంది. అయినా ప్రైవేటు ట్యూషన్ల పరుగు ఆగలేదు, బడికి వెళ్లని వయసు పిల్లలకు కూడా ఇంగ్లిష్ కోచింగ్ ఉంది. ఆ పరుగు ఖర్చుకు భయపడి కొత్త జంటలు పిల్లల్నే వద్దనుకుంటున్నాయి, పిల్లలు తగ్గేకొద్దీ ఉన్న ఒక్కరి మీద పందెం ఇంకా పెరుగుతోంది. హైదరాబాద్‌లో నర్సరీ సీటు కోసం పడే ఆరాటం చూస్తే మనం కూడా ఆ బాటలోనే కాలు పెట్టినట్టుంది.

మధ్యతరగతికి కింద, బస్తీకి కాస్త పైన ఇంకో వర్గం ఉంది. ఆటో నడిపేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, టైలర్లు కూడా అంగన్‌వాడీని దాటి గల్లీలో ఉన్న ‘ఇంగ్లిష్ మీడియం’ ప్లే స్కూలుకే పంపుతున్నారు. ఉమ్మడి ఏపీలో 2002 నుంచి దాదాపు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో (బేగంపేటలోని పరిశోధన సంస్థ సెస్ ఇందులో భాగస్వామి, హైదరాబాద్ కూడా ఎంచుకున్న చోట్లలో ఒకటి) పట్టణాల్లో పేద ఇళ్లు సైతం ప్రైవేటు ప్రీస్కూలుకు మళ్లడం చాలా ముందే కనిపించింది. అప్పుచేసి కట్టే ఆ ఫీజుకు దక్కుతున్నది ఏమిటన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరికి కింద వద్దాం.

## ఆ ఆరేళ్లలో ఏం ఏర్పడుతుంది

ఆరేళ్లు నిండేలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. ఈ అంకె అందరూ చెప్పేదే. తేడా ఎలా పేరుకుంటుందన్నది అంతకంటే తెలుసుకోవాల్సిన విషయం. మాటిమాటికీ విరేచనాలు పట్టే బిడ్డకు తిన్నది ఒంటబట్టదు. ఇనుము తక్కువైన బిడ్డ నీరసంగా ఉంటుంది, ఎక్కువ పాకదు, ఎక్కువ అడగదు. అడగని బిడ్డతో పెద్దవాళ్లు కూడా తక్కువే మాట్లాడతారు, అది సహజం. పొద్దున్నే నాలుగిళ్లలో పనికి వెళ్లి సాయంత్రానికి వచ్చే తల్లికి కథ చెప్పే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? అలా తిండి లోటు మాటల లోటుగా మారుతుంది, మాటల లోటు ఒకటో తరగతిలో ‘ఈ పిల్లాడికి ఏమీ రావట్లేదు’ అన్న మాటగా బయటపడుతుంది.

దీనికి మంచి రుజువుల్లో ఒకటి హైదరాబాద్ పక్కనే దొరికింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ (మన తార్నాక ఎన్‌ఐఎన్) నగరానికి దగ్గర్లోని 29 పల్లెల్లో ఒక పరిశోధన చేసింది. 15 ఊళ్లలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ వండిన ఆహారం పెట్టారు, మిగతా 14 ఊళ్లకు అది అప్పటికింకా రాలేదు. పెట్టింది ఏమంత గొప్ప వంటకం కాదు, మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, గుండె, చక్కెర జబ్బులకు సంబంధించిన కొలతలు కూడా వాళ్లవే మెరుగు. 2016లో చదువు లెక్కలు తీస్తే, వాళ్లు మిగతావాళ్లకంటే సగటున 0.84 తరగతులు ఎక్కువ చదివారు. ఒక గిన్నె ఉప్మాకు దాదాపు ఒక ఏడాది చదువు. రాష్ట్రంలో పోషకాహారం మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ 29 ఊళ్ల సంగతి వినపడాలి, ఎందుకో మన దగ్గరే తక్కువ వినిపిస్తుంది.

తిండి ఒక్కటే చాలదని చెప్పే రుజువు జమైకా నుంచి వచ్చింది. 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎత్తు తక్కువున్న 129 మంది పసిపిల్లల్ని తీసుకుని, కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లారు. ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన మిగతావాళ్లకంటే 25 శాతం ఎక్కువగా తేలింది. అదనపు ఆహారం మాత్రమే అందినవాళ్లలో అంతకాలం నిలిచిన లాభం కనిపించలేదు. ఇక్కడి ఉప్మా, అక్కడి ఆట కలిపి చూస్తే కడుపు నిండటం, మాట నేర్పటం రెండూ ఒకేచోట జరగాలని తెలుస్తుంది. మన దేశంలో ఆ రెండూ ఒకేచోట జరిగేలా పుట్టిన వ్యవస్థ ఒకటే ఉంది, దాని పేరు అంగన్‌వాడీ.

## బస్తీలో అంగన్‌వాడీ గది

1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఈ పథకం ఇప్పుడు దాదాపు 14 లక్షల కేంద్రాలకు పెరిగింది. తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం పిండి, గుడ్లు, గర్భిణులకు, బాలింతలకు 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనం ఇక్కడి నుంచే వెళ్తాయి. పల్లెలో ఈ కేంద్రానికి ఏదో ఒక సొంత భవనం, ముందు కాస్త ఖాళీ స్థలం ఉంటాయి. నగరంలో జాగా దొరకదు. బోరబండ, రసూల్‌పుర, అడ్డగుట్ట లాంటి చోట్ల కేంద్రమంటే చాలాసార్లు ఒక అద్దె గది. గుడ్ల ట్రేలు ఒక మూల, బాలామృతం ప్యాకెట్లు ఒక మూల, బరువు తూచే మిషన్ గుమ్మం పక్కన, రిజిస్టర్లు బల్ల మీద. మిగిలిన జాగాలో చాప వేసి పిల్లలు. గంతులేసే చోటు లేదు, చాలాచోట్ల పిల్లలకు సరిపడే టాయిలెట్ కూడా ఉండదు.

ఆ గదిలో ఒక టీచరు, ఒక ఆయమ్మ. తెలంగాణలో టీచరు గౌరవ వేతనం 13,650 రూపాయలు, ఆయమ్మది 7,800. పిల్లల్ని తూచాలి, ఎత్తు కొలవాలి, సరుకు లెక్క రాయాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, సర్వేలకు తిరగాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ నింపాలి. 2025 జులై నుంచి ఇంటికి ఇచ్చే సరుకుకు ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. అంటే తల్లి ముఖం ముందు ఫోన్ పట్టుకుని, నెట్ వచ్చేదాకా ఆగి, ఫొటో సరిపోలిందో లేదో చూసి, అప్పుడు ప్యాకెట్ చేతికివ్వాలి. ఇదంతా అయ్యాక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల టైమ్ ఎంత మిగులుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. ‘అంగన్‌వాడీలో ఏం చెప్పరు, అన్నం పెట్టి పంపిస్తారు’ అని తల్లులు అంటే అది టీచరు మీద నింద అనుకోనక్కర్లేదు. ఒక మనిషి మీద ఆరుగురి పని పెట్టిన ఫలితం అది.

అయితే గల్లీ ప్లే స్కూళ్లలో బాగా చెబుతున్నారా? 2011లో మొదలై 2017లో నివేదిక ఇచ్చిన ఒక పెద్ద అధ్యయనం అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో దాదాపు 14 వేల మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా చూసింది. అంగన్‌వాడీల్లో చదువు చాలా తక్కువ, ప్రైవేటు ప్రీస్కూళ్లలో వయసుకు మించిన చదువు అని తేలింది. మూడేళ్ల బిడ్డ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల కాపీలో ఏబీసీడీలు దిద్దించడం, హోంవర్క్ ఇవ్వడం, అర్థం తెలియని రైమ్ అప్పజెప్పించడం. ఈ రెండు రకాల చోట్ల నుంచి వచ్చిన పిల్లలూ అయిదేళ్లకు బడికి సిద్ధంగా లేరు. ప్లే స్కూళ్లలో ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటలు మించొద్దని జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని చూసి పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు అరుదు, తనిఖీ అంతకంటే అరుదు.

## పంపిస్తే సరిపోదు, లోపల ఏం జరుగుతుందో చూడాలి

ప్రీస్కూల్ పెడితే చాలు పిల్లలు బాగుపడతారనుకోవడం కూడా పొరపాటే. కెనడాలోని క్యూబెక్‌లో 1997 నుంచి రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ ఇచ్చారు, తల్లుల ఉద్యోగాలు పెరిగాయి. కానీ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగినట్టు తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. అమెరికాలోని టెనెసీలో ప్రభుత్వ ప్రీస్కూలుకు వెళ్లిన పేద పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి వెళ్లనివాళ్లకంటే వెనకబడ్డారని 2022లో తేలింది. సంఖ్య పెంచే తొందరలో నాణ్యత జారిపోతే నష్టం కూడా జరగొచ్చు.

మనకు దగ్గరగా ఉన్న, పనికొచ్చే ఉదాహరణ తమిళనాడుది. అక్కడ కొన్ని అంగన్‌వాడీల్లో పాఠం చెప్పడానికి మాత్రమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని పెట్టారు, లాటరీ పద్ధతిలో ఎంచిన కేంద్రాల్లో. ప్రీస్కూల్ బోధన సమయం రెట్టింపయింది. పాత టీచరుకు ఆరోగ్యం, పోషకాహారం చూసుకోవడానికి తీరిక దొరికింది. ఏడాదిన్నర తర్వాత లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందున్నారు, ఎత్తు తక్కువున్న పిల్లల సంఖ్య, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. కార్తీక్ మురళీధరన్‌తో కలిసి ఈ పరిశోధన చేసిన ఆర్థికవేత్తలు పెట్టిన ఖర్చుకంటే భవిష్యత్ సంపాదన రూపంలో వచ్చే లాభం ఎన్నో రెట్లని లెక్కగట్టారు. స్మార్ట్ టీవీ, గోడల మీద రంగులు, కొత్త యాప్ కంటే చిన్నపిల్లల దగ్గర కూర్చునే ఇంకో మనిషి ఎక్కువ పనిచేశారు. హైదరాబాద్ బస్తీల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యువతులు ఉన్నారు కాబట్టి ఇక్కడ ఆ మనిషి దొరకడం కూడా కష్టం కాదు.

## లెక్కలో లేని పిల్లలు

జననాలు తగ్గిన రాష్ట్రంలో కట్టడాలు ఆగలేదు. ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి, మన పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు కోకాపేట, నార్సింగి వైపు టవర్ల దగ్గర రేకుల షెడ్లలో ఉంటాయి. ఆ పిల్లలు ఒక సైట్లో ఆరేడు నెలలు ఉంటారు, తర్వాత ఇంకో సైట్. 50 మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లల కోసం శిశు సంరక్షణ గది ఉండాలని, 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. కార్మికుల్ని మేస్త్రీల పేరుతో ముక్కలుగా చూపిస్తే ఆ 50 ఎప్పటికీ నిండేది కాదు. ఇంట్లో ఒడియా మాట్లాడే మూడేళ్ల పిల్లకు తెలుగు అంగన్‌వాడీలో మొదటి నెల ఎలా గడుస్తుందన్నది ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ముందు ముందు ఈ నగరానికి పనిచేసే చేతులు ఎక్కువగా ఈ షెడ్ల నుంచే వస్తాయి, ఆ సంగతి జనాభా చర్చల్లో దాదాపు వినపడదు.

## చట్టంలో ఖాళీ, డబ్బులో వెసులుబాటు

విద్యాహక్కు 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఆరేళ్లలోపు పిల్లల చదువు రాజ్యాంగంలో 45వ అధికరణ కింద ప్రభుత్వం ‘ప్రయత్నించాల్సిన’ విషయంగా మిగిలింది, కోర్టుకు వెళ్లి అడగగలిగే హక్కుగా రాలేదు. ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం సెక్షన్, స్కూల్లో నర్సరీ ఉంటే నర్సరీ నుంచే వర్తిస్తుంది, కానీ తెలంగాణలో ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు.

ఇంకోపక్క రాష్ట్రంలో ఒక్క విద్యార్థి కూడా లేని ప్రభుత్వ బడులు రెండు వేలకు పైగా ఉన్నాయి. జననాలు తగ్గడం, ప్రైవేటుకు మళ్లడం రెండూ దీనికి కారణాలే. 2025-26 నుంచి కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. ఇందులో మంచీ ఉంది, ప్రమాదమూ ఉంది. అయిదేళ్లకే ప్రైవేటుకు వెళ్లిపోయే పిల్లల్ని మూడేళ్లప్పుడే ప్రభుత్వ బడి పట్టుకోగలదు, నగరంలో అద్దె గదికి బదులు నిజమైన ఆవరణ దొరుకుతుంది. కానీ పిల్లలు అంగన్‌వాడీ వదిలి వచ్చాక గుడ్డు, భోజనం, బరువు కొలత వెంట రాకపోతే, పాఠం మాత్రం వచ్చి తిండి పోతుంది. బడి కిలోమీటరు దూరంలో ఉంటే మూడేళ్ల బిడ్డ నడవలేదు, పనికి వెళ్లే తల్లి దింపలేదు. ఖాళీ బడి గదిలోకి అంగన్‌వాడీనే మార్చి, టీచరు, ఆయమ్మ, కొత్తగా చదువు చెప్పే మనిషి ముగ్గురూ ఒకే చోట ఉండేలా చేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పిల్లల సంఖ్య పెరగట్లేదు కాబట్టి బడ్జెట్ అంతే ఉన్నా ఒక్కో బిడ్డకు అందేది పెరగాలి. ఆ వెసులుబాటును ‘పిల్లలు లేరు’ అని కేంద్రాలు మూసేసి మిగుల్చుకుంటారా, ఉన్న పిల్లల మీద పెడతారా అన్నదే అసలు నిర్ణయం.

ఈ నిర్ణయం బరువు తర్వాతి తరం మీద పడుతుంది. ఈ రోజు మూడేళ్లున్న బిడ్డ 2045 ప్రాంతంలో ఉద్యోగంలో స్థిరపడే వయసులో ఉంటుంది, అప్పటికి పనిచేసేవాళ్ల మీద ఆధారపడే వృద్ధులు ఇప్పటికంటే చాలా ఎక్కువమంది ఉంటారు. 2020 ప్రపంచ బ్యాంకు సూచీ ప్రకారం మన దేశంలో పుట్టిన బిడ్డ, పూర్తి చదువు, పూర్తి ఆరోగ్యం దక్కితే ఎంత చేయగలదో అందులో 49 శాతమే చేయగలుగుతుంది. మనుషులు తగ్గే దేశంలో ఒక్కో మనిషిలో సగం శక్తి వృథా కావడమంటే పింఛన్ల నుంచి ఆస్పత్రుల దాకా అన్నిటికీ డబ్బు కరువు రావడమే.

కేంద్రాలు ఎక్కడ పెట్టాలన్న లెక్క ఇప్పటికీ 2011 జనగణన మీద నడుస్తోంది. ఆ తర్వాత బస్తీలు కదిలాయి, శివార్లలో కొత్త కాలనీలు, కొత్త షెడ్లు వచ్చాయి. 2027 జనగణనలో ఆరేళ్లలోపు పిల్లలు ఏ వార్డులో ఎంతమందో మళ్లీ తెలుస్తుంది. ఆ అంకెలు వచ్చేనాటికి ఖాళీ బడి గదుల జాబితా, అదనపు బోధకుల నియామక ఉత్తర్వు సిద్ధంగా ఉంటే అప్పుడు రెండేళ్లున్న పిల్లలకు అవి అందుతాయి. అప్పుడు ఫైలు కదపడం మొదలుపెడితే, గది తెరిచేసరికి వాళ్లు ఒకటో తరగతిలో ఉంటారు.